ఊరి చెరువు బాగుకు నిధులు తెచ్చుకోవడం ఎలా?

వేసవి మొదలైందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మా ఊరి చెరువు పూడిపోయింది, ఎవరైనా డబ్బిస్తే బాగు చేయించుకుంటాం" అంటారు. ఎంత కావాలి అని అడిగితే "పాతిక లక్షలైనా కావాలి కదండీ" అని ఠక్కున చెబుతారు. దేనికి అని అడిగితే మాత్రం అవతల కాసేపు మాట ఉండదు. నిధులిచ్చే సంస్థలో మీ దరఖాస్తు చదివే మనిషికి వచ్చే సందేహం కూడా అదే. ఆయన దగ్గర అలాంటివి గుట్టగా ఉంటాయి. అడిగిన డబ్బు ఏ పనికో మొదటి పేజీలో తేలకపోతే రెండో పేజీ తిప్పడు.

మా సంఘం తరఫున దరఖాస్తులు రాసి, చాలాసార్లు వెనక్కి వచ్చి, కొన్నిసార్లు డబ్బు తెచ్చుకున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. చెరువునే ఉదాహరణగా తీసుకున్నాను. పాఠశాల ఆవరణలో ఇంకుడు గుంతలకైనా, ఊరి గుట్ట మీద చెట్లకైనా దారి ఇంచుమించు ఇదే.

మొదట కట్ట మీద నడవండి

కంప్యూటర్ ముందు కూర్చోకండి. పొద్దున్నే ఒక పెద్ద రైతును, చేపలు పట్టే ఒకరిని, ఆయకట్టు చివరి మడి ఉన్న ఒకరిని వెంటబెట్టుకుని కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఆయకట్టు చివరి మడి రైతును తప్పకుండా పిలవండి. నీళ్లు అందనిది ఆయనకే కాబట్టి, లోపం ఎక్కడుందో అందరికంటే బాగా చెప్పేదీ ఆయనే.

నోటు పుస్తకంలో రాసుకోవలసినవి: తూము తలుపు కిందికి దిగుతోందా, పక్కల నుంచి కారుతోందా, అలుగు (మీ వైపు మత్తడి అంటారేమో) రాళ్లు కదిలాయా, కట్ట మీద సర్కారు తుమ్మ ఎంత మేర అల్లుకుంది, నీటిలో గుర్రపు డెక్క ఉందా, ఒడ్డున తూటికాడ ఉందా. ఆ తర్వాత చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ వెంబడి పైకి వెళ్లండి. చాలామంది ఈ నడక ఎగ్గొడతారు. మా చెరువు విషయంలో మేమూ ఎగ్గొట్టాం. పూడిక తీయించాక మంచి వర్షాలు పడినా చెరువు సగమే నిండింది. ఎందుకా అని పైకి వెళ్లి చూస్తే, ఎవరో పొలానికి దారి కోసం కాలువలో మట్టి పోసి, ఒక్క సన్నని పైపు వేసి వదిలేశారు. లక్ష రూపాయల్లో అయ్యే పని చూసుకోకుండా లక్షలు తవ్వకానికి అడిగామన్నమాట.

పూడిక ఎంత ఉందో కొలవడానికి ఇంజనీరు వచ్చేదాకా ఆగనక్కరలేదు. చెరువు ఎండిన చోట వరుసగా పది గుంతలు తవ్వించండి. పైన నల్లగా, మెత్తగా, ఎండితే పెచ్చులుగా విడిపోయేది పూడిక. గడ్డపార ఖణేల్మని, రంగు మారిన చోట అసలు నేల. ఒక్కో గుంతలో నల్లమట్టి లోతు టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. పది లోతుల సగటు అర మీటరు వచ్చిందనుకుందాం. పూడిక తీయాల్సిన మేర ఐదెకరాలు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 4,047ను 5తో, ఆ వచ్చినదాన్ని అర మీటరుతో గుణిస్తే దాదాపు 10,100 ఘనపు మీటర్లు. నీళ్ల లెక్కలో చెప్పాలంటే కోటి లీటర్లు. ఇక మీ చేతిలో ఒక అంకె ఉంది. "చెరువు పూడిపోయింది" అనడానికీ "కోటి లీటర్ల చోటు పూడికతో నిండి ఉంది, ఇవిగో పది గుంతల ఫోటోలు" అనడానికీ చదివేవారి దగ్గర చాలా తేడా ఉంటుంది.

చెరువు ఎవరిదో తేల్చుకోండి

చెరువు ఊరిదే, కానీ కాగితాల్లో ఊరిది కాకపోవచ్చు. నీటిపారుదల శాఖదా, పంచాయతీదా అన్నది ముందు రెవెన్యూ రికార్డులో చూడండి. నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) కలిసి, నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ హద్దులు అడగండి. శిఖం భూమిలో, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు అడుగు నేలలో, ఎవరైనా సాగు చేస్తుంటే వారితో ముందే మాట్లాడాలి. యంత్రం దిగిన రోజున గొడవ మొదలైతే గంటలెక్కన అద్దె కరిగిపోతుంది.

చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది అయితే వాళ్ల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లకు మధ్యలో ఒక లోతైన మడుగు ఉంటే వేసవిలో చేప బతుకుతుంది. ఆ మాట మీరే ముందు అంటే సంతకం సులువుగా పడుతుంది. రజకులు బట్టలుతికే రేవు, బతుకమ్మలు వదిలే మెట్లు, కుమ్మరులు మట్టి తీసుకునే మూల ఎక్కడున్నాయో నక్షాలో గుర్తు పెట్టండి.

ఇవన్నీ అయ్యాక గ్రామసభ తీర్మానం. తీర్మానంలో చెరువు పేరు, సర్వే నంబరు, చేయబోయే పని, తీసిన మట్టి ఎవరికి పోతుందన్నది స్పష్టంగా ఉండాలి. ఈ చివరి ముక్క వదలకండి. పూడిక పేరుతో మొరం తవ్వి అమ్ముకున్న కథలు నిధులిచ్చేవారు చాలా విన్నారు. "మట్టి ఆయకట్టు రైతుల పొలాలకే, అమ్మకం లేదు" అన్న ఒక్క వాక్యం ఆ అనుమానాన్ని తీరుస్తుంది. దానితో పాటు శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోండి. కట్ట పాదం నుంచి ఎంత దూరం వదిలి తవ్వాలో అందులోనే రాయించుకోండి. కట్టకు ఆనుకుని తవ్వితే కట్టే జారిపోతుంది.

ఏ పనికి ఎవరి డబ్బు

అన్నిటికీ ఒకరినే అడగడం తొలిసారి రాసేవారు చేసే తప్పు. చెరువు పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తగిన చోటు వెతకండి.

కంపచెట్లు కొట్టడం, కాలువ పూడిక తీయడం లాంటి మనుషుల చేతిపనిని ఉపాధి హామీ పనుల జాబితాలో పెట్టించమని పంచాయతీని అడగండి. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల సంగతి కూడా తెలుసుకోండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికీ, తాగునీరు, వాననీటి సంరక్షణ వంటి వాటికీ మాత్రమే వాడాలని కట్టేసింది. అలా నీటి పనికి అడగదగ్గ పద్దు ఇప్పుడు మీ పంచాయతీ దగ్గర ఉందేమో కనుక్కోండి. కాకపోతే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని ఎక్కాలి. ఆ ప్రణాళికల కసరత్తు ఏటా అక్టోబరు 2 చుట్టూ మొదలవుతుంది. ఆ గ్రామసభకు పదిమందిని తీసుకుని వెళ్లండి.

యంత్రం అద్దె, తూము మరమ్మతు, అలుగు రాతికట్టు వంటి పనులకు కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అందరూ సీఎస్‌ఆర్ అనేవి, బాగా సరిపోతాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలి. ఈ డబ్బు ఏ పనులకు పెట్టవచ్చో చెప్పే చట్టం ఏడో షెడ్యూలులో పర్యావరణ పరిరక్షణ, సహజ వనరుల సంరక్షణ, గ్రామీణాభివృద్ధి ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. అందుకే హైదరాబాద్‌లోని పెద్ద పేర్ల కంటే ముందు మీ మండలం చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ, మందుల కంపెనీ, విద్యుత్ కేంద్రం, విత్తనాల కంపెనీ జాబితా రాసుకోండి. ఏ కంపెనీ ఎంత ఖర్చు చేసిందో, ఏ జిల్లాలో చేసిందో వార్షిక నివేదికలో ఉంటుంది. నీటి పనులకు ఇదివరకే ఇచ్చిన కంపెనీని ముందు తట్టండి.

ఒక్క ఊరితో ఆగక పక్క నాలుగూళ్ల వాగు పరీవాహక ప్రాంతం మొత్తం బాగు చేయాలనుకుంటే నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు) జిల్లా అధికారిని కలవండి. అక్కడ వాటర్‌షెడ్ కార్యక్రమాల్లో ఊరివాళ్లు ముందు శ్రమదానం చేసి చూపాలి. చాలా మంచి పద్ధతి అని నా అభిప్రాయం. చెమట చిందించని ఊరు తరువాత చెరువును కాపాడదు. జీవవైవిధ్యం, వాతావరణ మార్పు కోణం ఉంటే ప్రపంచ పర్యావరణ నిధికి చెందిన చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఉంది. 1992 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమం స్థానిక సంఘాలకే నేరుగా ఇస్తుంది. కానీ పోటీ ఎక్కువ, రాతపని ఎక్కువ. తొలి ప్రయత్నానికి దాని జోలికి వెళ్లకండి.

ఇక అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే మీ సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలో పడాలి. కాబట్టి "మా తమ్ముడు డాలర్లు పంపిస్తానన్నాడు" అనగానే సంతోషపడి ఖాతా నంబరు ఇవ్వకండి. తమ్ముడి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. విరాళం ఇచ్చిన ప్రవాసుల పాస్‌పోర్టు నకలు ఒకటి ఫైల్లో ఉంచుకోవడం మంచి అలవాటు.

సంఘం కాగితాలు

ఊరి యువజన సంఘానికి బ్యానర్ ఉంటే సరిపోదు. సొసైటీగా నమోదు కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. సంఘం పేరిట పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ నంబరు, ఆదాయపు పన్ను శాఖలో 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చేవారికి పన్ను మినహాయింపు) నమోదు తరువాతి మెట్లు. సీఎస్‌ఆర్ డబ్బు నేరుగా తీసుకోవాలంటే ఇవి కాక కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం నింపాలి, ఆ తరహా పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి.

మూడేళ్లు అనగానే నీరసపడవద్దు. నిన్న పుట్టిన సంఘానికీ దారి ఉంది. జిల్లాలో ఈ కాగితాలన్నీ ఉన్న పాత స్వచ్ఛంద సంస్థను పట్టుకుని, వాళ్లు డబ్బు తీసుకుని లెక్క చెప్పేలా, మీరు ఊళ్లో పని చూసుకునేలా ఒప్పందం రాసుకోండి. యంత్రం అద్దె ఎవరు చెల్లిస్తారు, వాళ్ల నిర్వహణ ఖర్చు ఎంత శాతం, ఫోటోలు, నివేదికలు ఎవరు పంపాలి అన్నవి అందులో ఉండాలి. ఈ మూడేళ్లూ అలా పనిచేస్తే మీ అనుభవం కూడా కాగితం మీదికి వస్తుంది. అన్నట్టు, "సీఎస్‌ఆర్ నిధులు మంజూరు చేయిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. మర్యాదగా ఫోను పెట్టేయండి.

దరఖాస్తు రాయడం

మా తొలి దరఖాస్తు మొదటి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "అనాదిగా నీటి వనరులకు నిలయమైన మా గ్రామం సమగ్రాభివృద్ధి దిశగా అడుగులు వేయుటకు తమ సంస్థ ఉదారంగా ఆర్థిక సహాయం అందించవలసిందిగా కోరుచున్నాము." రాసినప్పుడు చాలా గర్వపడ్డాం. జవాబు కూడా రాలేదు.

రెండేళ్ల తర్వాత అదే పని గురించి ఇలా రాశాం: "మా ఊరి పెద్దచెరువులో ఐదెకరాల మేర సగటున అర మీటరు పూడిక ఉంది. దాన్ని ఏప్రిల్, మే నెలల్లో తీయిస్తే కోటి లీటర్ల నీళ్లు అదనంగా నిలుస్తాయి. మట్టిని రైతులే సొంత ఖర్చుతో పొలాలకు తోలుకుంటారు. తవ్వే యంత్రం అద్దె మీ నుంచి కోరుతున్నాం." నాలుగు వాక్యాల్లో పని, కొలత, కాలం, మా వాటా, వాళ్ల వాటా. కంపెనీ నుంచి ఫోను వచ్చింది, చూడటానికి మనిషీ వచ్చాడు.

మిగతా పేజీల్లో లోపం ఏమిటో, ఎవరికి మేలో (ఎన్ని కుటుంబాలు, ఎన్ని ఎకరాలు, అందులో సన్నకారు రైతులెందరు), పని వరుస, పని అయ్యాక ఎవరు చూసుకుంటారో రాయండి. నాలుగైదు పేజీలు దాటనివ్వకండి. ఇంగ్లిషులో అడిగితే ఊళ్లో చదువుకున్న పిల్లలతో రాయించండి గానీ, ముందు తెలుగులో రాసి గ్రామసభలో చదవండి. చదువుతున్నప్పుడు ఎవరైనా "అది అలా కాదు" అని అడ్డొస్తే అక్కడ మీ లెక్క తప్పిందని అర్థం.

బడ్జెట్

పై ఉదాహరణనే తీసుకుందాం. అంకెలు నమూనాకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఒక ట్రాక్టరు ట్రాలీలో 3 ఘనపు మీటర్ల మట్టి పడుతుందంటే 10,100కు దాదాపు 3,370 ట్రిప్పులు. యంత్రం గంటకు 20 ట్రాలీలు నింపితే సుమారు 169 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున 21 రోజులు. గంట అద్దె 1,500 అయితే రూ. 2,53,500. రైతులు ట్రిప్పుకు 400 పెట్టుకుంటే వాళ్ల వాటా రూ. 13,48,000. అంటే కంపెనీ పెట్టే ప్రతి రూపాయికి ఊరు ఐదు రూపాయలు పెడుతోంది! ఈ అంకెను దరఖాస్తు మొదటి పేజీలో పెట్టండి. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా తవ్వకం ప్రభుత్వానిది, మట్టి తోలుకోవడం రైతులది.

తవ్విన మట్టి గుల్లబారి పెరుగుతుంది కాబట్టి ట్రిప్పులు లెక్క కంటే ఎక్కువే అవుతాయి. యంత్రం ఆగిపోయే గంటలూ ఉంటాయి. అందుకని పది శాతం అదనంగా చూపండి, ఎందుకో కారణం రాయండి. ప్రతి అద్దెకు, సామగ్రికి మూడు కొటేషన్లు జతచేయండి. ఫోటోలు, లెక్కలు, ఆడిట్ ఖర్చు కూడా అడగండి. సిగ్గుపడి వదిలేస్తే చివరికి కార్యదర్శి జేబులోంచి పోతుంది. తీసిన మట్టిని భూసార పరీక్షకు పంపే చిన్న ఖర్చు మరవకండి. పైన ఫ్యాక్టరీ మురుగు కలిసే చెరువైతే పరీక్ష కాకుండా ఒక్క ట్రాలీ కూడా పొలానికి పోనివ్వవద్దు.

కాలం

చెరువు తవ్వగలిగేది నీళ్లు తగ్గాక, వానలు రాకముందు. అంటే మార్చి నుంచి మే చివరి దాకా. కంపెనీలకు కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. వేసవిలో చెరువు ఎండటం చూశాక దరఖాస్తు పెట్టే ఊరికి డబ్బు వచ్చేసరికి చెరువులో నీళ్లుంటాయి. మాకూ ఒకసారి అలాగే మంజూరు పత్రం జులైలో వచ్చింది. పని మరుసటి వేసవికి వాయిదా వేయమని బతిమాలుకోవలసి వచ్చింది.

అందుకే గుంతలు ఈ వేసవిలో తవ్వి కొలవండి. జూన్, జులైలలో గ్రామసభ, శాఖ అనుమతి. ఆగస్టు, సెప్టెంబరులో దరఖాస్తు. డిసెంబరులోగా వాళ్లు వచ్చి చూసిపోయేలా వెంటపడండి. ఒప్పందం ఫిబ్రవరిలోగా కావాలి. యంత్రాన్ని జనవరిలోనే మాట్లాడిపెట్టుకోండి, ఏప్రిల్‌లో అందరికీ అదే కావాలి.

డబ్బు వచ్చాక

గ్రాంటుకు విడిగా ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలతో. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే. యంత్రం దగ్గర ఒక లాగ్‌బుక్కు ఉండాలి: మొదలైన గంట, ఆగిన గంట, డ్రైవరు సంతకం, ఊరి తరఫున ఒకరి సంతకం. ట్రాక్టర్లకు టోకెన్లు ఇచ్చి సాయంత్రం లెక్కపెట్టండి. ఒకసారి మేము టోకెన్లు అట్టముక్కల మీద రాసి, కట్ట మీద రేకు డబ్బాలో పెట్టాం. అకాల వర్షానికి డబ్బాలోకి నీళ్లు చేరి మూడు రోజుల లెక్క ముద్దయిపోయింది. ఆ మూడు రోజుల ట్రిప్పులు నిరూపించలేక రైతుల వాటాలోంచి తీసేశాం. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం రిజిస్టరు పేజీని ఫోనుతో ఫోటో తీసి నలుగురికి పంపుతాం.

ఫోటోలకు కట్ట మీద ఒకే చోట ఒక రాయి పాతండి. పనికి ముందు, మధ్యలో, తర్వాత ఆ రాయి మీద నిలబడే తీయాలి. చెరువు దగ్గర బోర్డు పెట్టి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది రాయండి. ఊళ్లో వచ్చే సగం ప్రశ్నలకు ఆ బోర్డే జవాబు చెబుతుంది. డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని చెప్పే వినియోగ ధ్రువపత్రం ఆడిటరు సంతకంతో, అడిగిన తేదీకి వారం ముందే పంపండి. ప్రభుత్వ గ్రాంటు అయితే దానికి నిర్ణీత నమూనా ఉంటుంది, మంజూరు పత్రంలోనే చూసుకోండి. డబ్బు మిగిలితే మిగిలిందని రాసి, తిరిగి పంపాలా, మరో పనికి వాడుకోవచ్చా అని అడగండి. తెలివిగా సర్దేసిన లెక్క ఆడిట్‌లో బయటపడితే ఆ కంపెనీయే కాదు, దాని పక్క కంపెనీ కూడా మీ గుమ్మం తొక్కదు.

వానాకాలంలో చెరువు నిండి అలుగు పారిన రోజున అదే రాయి మీద నిలబడి ఇంకో ఫోటో తీసి, ఎవరూ అడగకపోయినా కంపెనీకి పంపండి. దానితో పాటు ఆయకట్టు చివరి మడికి నీళ్లు ఏ తారీఖున అందాయో రాయండి. మా తూము మరమ్మతుకు రెండో విడత డబ్బు ఆ ఉత్తరానికి జవాబుగానే వచ్చింది.